ఏమీ కనిపించని సూక్ష్మదర్శిని

మా అక్క శివపార్వతికి ఆ సంవత్సరం ఒకే ఒక్క కోరిక ఉండేది. తన మిరప చేనుని తింటున్నదాని మొహం చూడాలి.

నాగులేటిపాడులో మిరప వేసినవాళ్లందరికీ ఆ పురుగు తెలుసు. పూత మీదికొచ్చే నల్ల తామర పురుగు. తెలుసు అంటే, అది చేసే పని తెలుసు. పూవుని అరచేతిలో దులిపితే నల్ల ఇసుకలాంటిది రాలుతుంది. ఆ ఇసుక కాస్త అటూ ఇటూ నడిచి, మనం కళ్లు చిట్లించేలోగా ఎగిరిపోతుంది. తర్వాత పూత రాలుతుంది, కాయ వంకర తిరుగుతుంది, మందుల కొట్టు ఆసామి కొత్త సీసా ఇస్తాడు. అక్క పొద్దున్నే చేలోకి దిగి ఆ పురుగుని తిట్టేది. అయితే మా అక్కకి తిట్టడంలో ఒక పద్ధతి ఉంది. ఎదుటి మొహంలో ఉన్న లోపాన్ని పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది. మొహం లేనిదాన్ని తిట్టాల్సి రావడం ఆమెకి పెద్ద ఇబ్బందిగా తయారైంది.

"మూతి ఎట్టుంటదో, కళ్లు యాడుంటయ్యో తెలవకుండా ఏమని తిట్టేదిరా" అనేది నాతో.

ఆమె కూతురు జోషిత మా ఊరి జిల్లా పరిషత్ బడిలో ఏడో తరగతి. వాళ్లమ్మ గోడు విని విని, ఒకరోజు సైన్సు పుస్తకం తెచ్చి అందులో సూక్ష్మదర్శిని బొమ్మ చూపించింది. దీంట్లోంచి చూస్తే దాని మొహం కనిపిస్తుందట మావయ్యా అంది. మా బడిలో అలాంటిది ఒకప్పుడు ఉండేదని చెప్పుకుంటారు గానీ, దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు.

సరిగ్గా ఆ ఏడే పైవాళ్లకి విజ్ఞానశాస్త్రం మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు ఏడు ఆ ప్రేమ పెరటి తోటల మీద ఉండేది. ఆ ముందటేడు చేతులు కడుక్కోవడం మీద. చేతుల ఏడు కట్టిన కుళాయిల నుంచి తోటల ఏడు నాటిన వంగ మొక్కలకి నీళ్లు పెట్టాలని ఏర్పాటు. ఆ కుళాయిలకి నీళ్లొచ్చే ఏడు మాత్రం ఇంకా రాలేదు. ఈసారి వచ్చిన పథకం పేరు 'తొలిచూపు'. మండలానికి ఒక పిల్లని ఎంపిక చేసి, సామాన్య కుటుంబానికి అందుబాటు ధరలో ఉండే సూక్ష్మదర్శినిని ఆ పిల్లకి ఉచితంగా ఇస్తారు. అందుకు పిల్లలందరికీ ఒక ప్రశ్న పెట్టారు. సూక్ష్మదర్శిని ఇస్తే నీవు ఏమి చూచెదవు?

మండలంలోని పిల్లలు దేశ ప్రగతిని చూస్తామని, ఉజ్వల భవిష్యత్తును చూస్తామని, మాష్టార్లు చెప్పినట్టే పేజీలకి పేజీలు రాశారు. జోషిత మాత్రం "మిరప పూవులో పురుగు మొహం. మా అమ్మకి చూపించాలి" అని రాసి ఊరుకుంది. పేపర్లు దిద్దినవాళ్లు చివరిదాకా చదవగలిగింది ఆ ఒక్కటే కాబట్టి దానికే ప్రథమ స్థానం వచ్చింది.

ఇంట్లో ఆ రోజు పండగే. నేను ఫోన్లో చూస్తే, అరచేతిలో పట్టే చిన్న సూక్ష్మదర్శిని ఒకటి కనిపించింది. ఆకుని ఆకులాగే కింద పెట్టి, పైనుంచి వెలుతురు పడేట్టు చూసే రకం. పిల్లలు మొదట కొనుక్కోవాల్సింది ఇలాంటిదేనని, రెట్లు ఎక్కువుంటే చేతకాక విసిగిపోయి పక్కన పడేస్తారని కింద ఎవరో రాశారు కూడా. దాని ఖరీదు చేనుకి ఒకసారి కొట్టే మందు కంటే తక్కువ. ఇంత సంబడం దేనికి, నేనే తెప్పిస్తానన్నాను.

ఆ మాట ప్రధానోపాధ్యాయులు దక్షిణామూర్తి గారి చెవిన పడింది. ఆయన మంచివాడు. రిటైర్మెంటు దగ్గరపడి, ప్రపంచంలో ఆడిట్ తప్ప మరో భయం లేకుండా బతుకుతున్నాడు. పరుగున మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. లబ్ధిదారు ఆ వస్తువుని బయట కొనుక్కుంటే అవసరం తీరిపోయినట్టు లెక్కట. అప్పుడు పథకం రద్దవుతుందట. రద్దయితే ఎందుకు రద్దయిందో ఆయన సంజాయిషీ రాసుకోవాలట. కాస్త ఓపిక పట్టండి, చలమయ్య గారూ, కమిటీ కూర్చోగానే వచ్చేస్తుంది అన్నాడు.

పూత రాలుతుండగా ఓపిక పట్టాం.

కమిటీ నియమాలు వచ్చాయి. సూక్ష్మదర్శిని ఎంపిక కమిటీలో సైన్సు టీచరు ఉండరాదు, ఎందుకంటే ఆమెకి సదరు వస్తువుతో ప్రయోజన సంబంధం ఉంటుంది. లబ్ధిదారు ఉండరాదు, ఎందుకంటే లబ్ధి పొందేది ఆమే. లబ్ధిదారు తల్లిదండ్రులు ఉండరాదు. గతంలో సూక్ష్మదర్శిని వాడినవారు ఉన్నచో, నిష్పాక్షికత కోసం తప్పుకోవలెను. ఈ నియమాలన్నిటికీ సరిపోయినవాళ్లు మా ఊళ్లో ముగ్గురు తేలాం. దక్షిణామూర్తి గారు, సర్పంచి గారి భర్త సాంబయ్య గారు, నేను. నేను బి.ఏ. తెలుగు చదివాను కాబట్టి విద్యావంతుల ప్రతినిధిని. మేనమామ తల్లిదండ్రుల కిందికి రాడని పైనుంచి వివరణ తెప్పించారు. సర్పంచి గారు మహిళ కాబట్టి, ఆవిడ తరఫున ఊరికి సంబంధించినవన్నీ సాంబయ్య గారే చూసుకుంటారు. ఆవిడ ఇల్లు చూసుకుంటుంది.

మాపైన అధ్యక్షులుగా బోధనోపకరణముల ఎంపిక విభాగం ఉపసంచాలకులు ప్రసన్నాంజనేయులు గారు జిల్లా కేంద్రం నుంచి జీపులో వచ్చారు. ఆయన మాట్లాడితే అచ్చు వేసిన కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. దిగగానే మంచినీళ్లు ఇస్తే, "స్వీకరించడమైనది" అన్నారు.

మూడు కంపెనీలు మూడు నమూనాలు పంపాయి. బల్ల మీద వరసగా పెట్టాం. మొదటిది పెద్దది, రంగురంగుల ప్లాస్టిక్‌ది. పెట్టె మీద పన్నెండు వందల రెట్లు అని అక్షరాలు మెరుస్తున్నాయి. రెండోది ఇనప స్టాండుది, కింద గుండ్రటి అద్దం, పైన గొట్టం. మూడోది నేను ఫోన్లో చూసిన చిన్నదే. సాంబయ్య గారు బోరు మోటార్లు కొన్న అనుభవంతో, రెట్లు ఎక్కువున్నదే లాగుద్దని, పన్నెండు వందల దాన్నే ఖాయం చెయ్యమని అన్నారు. దక్షిణామూర్తి గారు ఆడిట్ వాళ్లు దేన్ని ఒప్పుకుంటే అదేనన్నారు. నేను చిన్నదాని వైపు చూపించాను. ప్రసన్నాంజనేయులు గారు మా ముగ్గుర్నీ వారించి, ఎంపిక అభిప్రాయములపై కాక ఫలితములపై ఆధారపడునని, ముందుగా శుభారంభం జరగాలని చెప్పారు.

శుభారంభం అంటే మా వైపు తెలిసిందే. ట్రాక్టరు కొన్నా, మోటారు బిగించినా, కాటా తెచ్చినా, పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఎవరూ ముట్టుకోరు. కొబ్బరికాయ కొట్టాం. నిమ్మకాయని చక్రం కింద పెట్టి తొక్కించే వీలు లేక కోసి అటొకటి ఇటొకటి ఉంచాం. ప్లాస్టిక్‌దాన్ని పెట్టెలోంచి బయటికి తియ్యడం ఎవరికీ చేతకాక పెట్టెకే బొట్టు పెట్టాం. చిన్నదాని సంగతి అందరూ మర్చిపోయారు. మధ్యలోదానికి మాత్రం ప్రసన్నాంజనేయులు గారు స్వహస్తాలతో చేశారు. యంత్రానికి కన్నే ముఖ్యం కాబట్టి తిలకం కంటికే ధరింపజేయాలని చెప్పి, గొట్టం పైన కన్ను పెట్టి చూసే ముక్కని కుండ మూతలా పైకి లాగి, దాని అడుగు గాజుకి, గొట్టం మూతికి నిండుగా కుంకుమ అద్ది, మళ్లీ మూసేశారు. కొంత లోపలికి రాలింది. మంచిదేనని అందరం కళ్లకద్దుకున్నాం.

ఆ తర్వాత పరీక్ష. నమూనా నీళ్లు సాంబయ్య గారి మినరల్ వాటర్ ప్లాంటువి. గాజుపలక మీద ఒక చుక్క వేసి మొదట పెద్దదాంట్లో చూశాం. దాన్ని పెట్టెలోంచి తియ్యడానికి ఈసారి కత్తి వాడాం. పన్నెండు వందల రెట్ల మబ్బు కనిపించింది. చిన్నదాంట్లో చూశాం. నీటి చుక్క పెద్దదిగా, నిర్మలంగా కనిపించింది. అందులో ఏమీ లేదు. మధ్యలోదాంట్లో ప్రసన్నాంజనేయులు గారు చూశారు. చూసి చాలాసేపు తల ఎత్తలేదు.

"క్రిములు" అన్నారు చివరికి. "ఎర్రని అంచులు గల నల్లని క్రిములు. గుంపులు గుంపులుగా."

సాంబయ్య గారి మొహంలో నెత్తురు లేదు. ఊరందరూ తాగేది ఆయన ప్లాంటు నీళ్లే. ఆయనా చూశారు. దక్షిణామూర్తి గారూ చూశారు. నేనూ చూశాను. ఉన్నాయి. బండరాళ్లలా, మూలలు తేలి, ఎర్రగా, కదలకుండా ఉన్నాయి. సాంబయ్య గారు అవమానం పట్టలేక, అయితే అయ్యగారు జీపులో తెచ్చుకున్న సీసా నీళ్లు కూడా చూద్దామన్నారు. చూశాం. అందులోనూ అవే, అంతే. సాంబయ్య గారు ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపులో పాలు చూశాం, మజ్జిగ చూశాం, దక్షిణామూర్తి గారి టీ చూశాం. అన్నిటా అవే. చివరికి గాజుపలక కూడా తీసేసి ఉత్త గాలిని చూశాం. అందులోనూ ఒక్కటి కూడా తగ్గలేదు.

ప్రసన్నాంజనేయులు గారు లేచి నిలబడి మా చేత రాయించారు. ఒకటో నమూనా మబ్బును మాత్రమే చూపుచున్నది. మూడవ నమూనాలో ఏమియూ కనిపించుట లేదు. రెండవ నమూనా పరిశుద్ధ జలమందు సైతం క్రిములను చూపుటయే గాక, అసలు నమూనా పెట్టకుండానే ఫలితమిచ్చుచున్నది. ఇందువలన నమూనాల ఖర్చు కలిసివచ్చును. కావున అందుబాటు ధరలో అత్యధిక ఫలితమిచ్చు రెండవదానిని ఏకగ్రీవముగా ఎంపిక చేయడమైనది.

ఏకగ్రీవం అన్నచోట నా సంతకం కూడా ఉంది.

అప్పుడు లబ్ధిదారుని పిలిచారు. జోషిత రెండు జడలకీ కొత్త రిబ్బన్లు కట్టుకుని, డబ్బాలో మిరప పూలు పెట్టుకుని వచ్చింది. పూలు ఇంకా ప్రభుత్వ నమూనాలుగా గుర్తింపు పొందలేదు కాబట్టి బయట పెట్టించారు. చేతులు వెనక్కి కట్టుకుని చూడమన్నారు. చూసింది. చూస్తూ, చెప్పిన మాట మర్చిపోయి, పైనున్న ముక్కని పట్టుకుని కొంచెం తిప్పింది.

"సార్, ఇది తిప్పితే అయ్యి గూడా దీనెంటే తిరుగుతున్నయ్."

ప్రసన్నాంజనేయులు గారు ఆమెని పక్కకి జరిపి తనే తిప్పి చూశారు. కుడికి తిప్పితే క్రిములన్నీ కుడికి తిరిగాయి. ఎడమకి తిప్పితే ఎడమకి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇవి మనల్ని గమనించుచున్నవి" అన్నారు నెమ్మదిగా.

జోషితకి అర్థం కాలేదు. పైది లాగి గుడ్డ పెట్టి తుడిస్తే పోతాయి సార్ అంది. దానికి ఆయన కోప్పడలేదు. పిల్లకి పరిపాలన తెలియదు కదా అన్నట్టు దయగా చూసి, క్రిములను తుడుచుట ఆరోగ్యశాఖవారి పని అని, చూచుట మాత్రమే మన విభాగం పని అని చెప్పారు. ఆ వెంటనే ఇంకొక సంగతి ఆయనకి తట్టింది. ఇంత ప్రమాదకరమైన క్రిములను చూపే పరికరాన్ని పన్నెండేళ్ల పిల్ల చేతికి ఎలా ఇస్తాం? సమస్య తీవ్రమైనదే. ఆయన అక్కడికక్కడే తీర్చేశారు. సూక్ష్మదర్శిని లబ్ధిదారు పేరిటే ఉంటుంది. వస్తువు మాత్రం ప్రధానోపాధ్యాయుల గదిలో, అద్దాల బీరువాలో, తాళం వేసి ఉంటుంది. లబ్ధిదారు తనకి వయసు వచ్చిన తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు.

జోషిత డబ్బా పట్టుకుని ఇంటికొచ్చేసరికి పూలు వాడిపోయాయి. అక్క కొత్త సీసా తేవడానికి మందుల కొట్టుకి వెళ్లింది.

ఎర్ర క్రిమి కథ మాత్రం అప్పుడే మొదలైంది. నాగులేటిపాడు ఎర్ర క్రిమి పీడిత గ్రామమని పొలిమేరలో బోర్డు పాతారు. ఆరోగ్యశాఖవారు వచ్చి నీళ్లలో మందు కలిపారు. కలిపాక మళ్లీ చూస్తే క్రిములు తగ్గలేదు, పైగా కొంచెం పెరిగాయి. ఇంకా ఎక్కువ కలిపారు. ఇంకా పెరిగాయి. దక్షిణామూర్తి గారు భక్తిపరుడు. ప్రభుత్వ పరికరం తన గదిలో ఉండగా శుక్రవారం పూట ఉత్తినే ఎలా వదిలేస్తాడు? బీరువా తెరిచి, ఉపసంచాలకులు గారు పెట్టినచోటే, అదే పద్ధతిలో, ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేవాడు. క్రిముల సంఖ్య శనివారం నాడు పెరుగుతున్నట్టు ఆరోగ్యశాఖ గమనించింది. శనివారం వాటి సంతానోత్పత్తి దినంగా ప్రకటించింది.

సైన్సు టీచరు సుభాషిణి మేడం ఈ రోజులన్నీ మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపే పని మీద ఊళ్లు తిరుగుతోంది. తిరిగి వచ్చి, సంగతంతా విని, తల పట్టుకుని, బీరువా తాళం అడిగింది. పరికరాన్ని ముట్టుకోవడానికి పైనుంచి అనుమతి కావాలన్నారు. అనుమతి కోరుతూ, గొట్టంలో కుంకుమ పడి ఉంటుందని స్పష్టంగా రాసి పంపింది. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. ఎర్ర క్రిమిపై ఆమె చూపిన శ్రద్ధను విభాగం అభినందిస్తూ, ఎర్ర క్రిమి అవగాహన తరగతులకు ఆమెని శిక్షకురాలిగా జిల్లా కేంద్రానికి పంపింది.

ఇంతలో పక్క మండలాలకి కష్టం వచ్చింది. వాళ్లకి వచ్చినవీ ఇవే సూక్ష్మదర్శినులు. వాటిలో ఎంత చూసినా క్రిములు లేవు. క్రిముల గుర్తింపులో అలసత్వం చూపినందుకు అక్కడి ప్రధానోపాధ్యాయులకి మెమోలు వెళ్లాయి. ఒకాయన ఏడుపు మొహంతో దక్షిణామూర్తి గారి దగ్గరికొచ్చి, మీరు ఏం చేశారో చెప్పండి, మహానుభావా అని బతిమాలాడు. దక్షిణామూర్తి గారు దాచుకునే మనిషి కాడు. ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదండీ, మామూలుగా పూజ చేశాం అన్నాడు. మరుసటి వారానికి ఆ మండలంలోనూ క్రిములు పడ్డాయి. దాని పక్క మండలం వాళ్లు శివభక్తులు. విభూతి పెట్టారు. వాళ్లకి తెల్ల క్రిములు వచ్చాయి. ఇది కొత్త రకమని, మరింత మొండిదని, దీనికి వేరే విభాగం కావాలని పైన నిర్ణయించారు. రెండు రంగులకీ కలిపి ప్రసన్నాంజనేయులు గారు సంచాలకులయ్యారు.

సంచాలకులు కాగానే ఆయన ముందుకి వచ్చిన మొదటి సమస్య, తిరస్కరించిన నమూనాలు. కంపెనీలు తిరిగి పంపడానికి కిరాయి మీరే కట్టుకోండి అన్నాయి. కిరాయికి పథకంలో పద్దు లేదు. ఉంచడానికి చోటు లేదు, పారెయ్యడానికి నియమం లేదు. పన్నెండు వందల రెట్లదాన్ని సాంబయ్య గారు తీసుకెళ్లి, లైటు బాగా వెలుగుతుందని పశువుల పాకలో పెట్టుకున్నారు. చిన్నదాన్ని ఎవరూ అడగలేదు.

నేను అప్పుడు దక్షిణామూర్తి గారి చేత ఒక కాగితం రాయించాను. నా బి.ఏ. తెలుగు నాకు అక్కరకొచ్చింది అప్పుడే. మూడవ నమూనాలో ఏమియూ కనిపించదని కమిటీ ఏకగ్రీవంగా తేల్చినందున, ఏమియూ కనిపించని వస్తువు వలన పిల్లలకు ఎట్టి ప్రమాదమూ ఉండనందున, ప్రమాదకరమైన వస్తువు దక్కక నిరాశపడిన లబ్ధిదారుకు దీనిని ఆటవస్తువుగా ఇవ్వవచ్చునా అని అడిగాం. ఇవ్వవచ్చునని వచ్చింది. దానితో పాటు అంటించమని ఒక చీటీ కూడా వచ్చింది. 'నిరుపయోగము' అని అచ్చు వేసి ఉంది.

చీటీ అంటించుకునే ఇంటికి తెచ్చాం. అక్క చేతులు కడుక్కుని వచ్చింది. జోషిత పూవుని విప్పి దాని కింద పెట్టి, చక్రం కొంచెం తిప్పి, రామ్మా అంది. అక్క వంగింది. ఒక కన్ను మూయడం చేతకాక చేత్తో మూసుకుంది.  

"ఒసే, దీనికి మొహముందే" అంది. "మూతి సన్నంగా ముందుకు బెట్టి, అచ్చం మీ నాయనమ్మ కోడల్ని చూసినట్టు చూస్తంది. రెక్కలు జూడు, వెంట్రుకల దువ్వెనలాగా. అబ్బో, ముందు కాళ్లతో మొహం కూడా తుడుచుకుంటంది. నా పూతంతా తిని మూతి తుడుచుకుంటన్నావా?"

అక్కడ దొరికింది ఆమెకి లోపం. ఇక మొదలుపెట్టింది. రెండు నెలలుగా ఆగిపోయిన తిట్లన్నీ ఒక్కసారి దారి దొరికినట్టు వచ్చాయి. అవి ఇక్కడ రాయదగినవి కావు. జోషిత నవ్వి నవ్వి అరుగు మీద పడుకుంది.

ఆ రోజు నుంచి మా అక్క అరుగు మీద జనం. పూలు తెచ్చేవాళ్లు, ఆకులు తెచ్చేవాళ్లు. ఎవరి చేలో నల్లది ఉందో, ఎవరి చేలో పిల్లదశలో పసుపుది ఉందో, ఎవరి చేలో ఏమీ లేకుండానే మందు కొడుతున్నారో జోషిత పెట్టి చూపించేది. మందుల కొట్టు ఆసామి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లిపోయాడు. ఊళ్లో మాత్రం అందరికీ ఒక ఒప్పందం కుదిరింది, ఎవరూ అనకుండానే. అధికార్లు ఎవరన్నా అడిగితే, అందులో ఏమీ కనిపించదండీ అని చెప్పాలి. కనిపిస్తుందని తెలిస్తే అది కూడా బీరువాలోకి వెళుతుంది.

అయినా సంగతి పాకింది. మిరప పండే ముందు ఒక ఉదయం జీపు వచ్చి అరుగు ముందు ఆగింది. నిరుపయోగముగా ధ్రువీకరించిన వస్తువు ఇంకా నిరుపయోగముగానే ఉన్నదా లేదా అని సంచాలకులు ప్రసన్నాంజనేయులు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఉంటే వదిలేస్తారు. లేకపోతే స్వాధీనం చేసుకుంటారు. కమిటీ సభ్యుడిగా నన్ను సాక్షిగా నిలబెట్టారు. అరుగు మీద ఉన్నవాళ్లందరూ పూలు ఒళ్లో దాచుకుని లేచి నిలబడ్డారు. జోషిత దాని కింద ఉన్న పూవుని తియ్యాలని చెయ్యి చాపింది గానీ, ఆయన అప్పటికే వంగారు.

లోపల పురుగు బతికే ఉంది. దానిమీద వెలుతురు చక్కగా పడుతోంది. అంతకుముందు నిమిషమే అక్క దాన్ని తిడుతూ ఉంది. ఆయన చూస్తూ ఉన్నారు. జోషిత నా చొక్కా పట్టుకుంది. 

"నల్లగా ఏదో నడుచుచున్నది" అన్నారు ఆయన.

 ఏమీ కనిపించదండీ అని అన్నాళ్లుగా నేర్చుకున్న మాట ఒక్కరి నోటా రాలేదు. చివరికి అక్కే అంది.

"అది మా చేలోదేనయ్యా. పూతలో పురుగు."

"ఎర్రనిది కాదా?"

"ఎప్పుడూ ఎర్రగా కనబడలేదు సార్" అంది జోషిత. అది అబద్ధం కాదు.

"తెల్లనిది?"

"అదీ లేదు సార్."

ఆయన ఇంకోసారి వంగి చూశారు. ఆరు కాళ్లున్నాయని, రెక్కలున్నాయని, మొహం తుడుచుకుంటున్నదని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. ఆ ఒక్క క్షణం ఆయన గొంతు కాగితం చదువుతున్నట్టు లేదు. మా జోషిత మొదటిసారి చూసినప్పుడు ఉన్నట్టే ఉంది. నాకు ఇక అయిపోయిందనిపించింది.

ఆయన నడుము ఎత్తి, కళ్లజోడు సర్దుకున్నారు.

"పురుగులు వ్యవసాయశాఖ పరిధిలోనివి. మా విభాగమునకు సంబంధించినంత వరకు ఇందులో ఏమియూ కనిపించుట లేదు" అని, నా చేత అదే రాయించి, కింద సంతకం చేసి, ఊడిపోతున్న చీటీ మీద పాతదానికి అడ్డంగా కొత్త చీటీ అంటించి, జీపెక్కారు. బడి దగ్గర ఆగి బీరువాలోని క్రిములను పరామర్శించి వెళతానన్నారు. ఆ రోజు శుక్రవారం.

జీపు లేపిన దుమ్ము అణిగేదాకా అందరం నిలబడే ఉన్నాం. తర్వాత ఒక్కొక్కరే ఒళ్లో దాచుకున్న పూలు బయటికి తీశారు. అక్క చీర కుచ్చెళ్లు దోపుకుని కూతుర్ని మోచేత్తో పక్కకి నెట్టింది.

"జరుగే. సగంలో ఆపాను."